పార్కర్ నుంచి ఐలర్ దాకా: జాజ్ రికార్డులను వాయించిన తేదీల వారీగా పేర్చే పని

జనవరి

ఈ పనికి రెండు లక్ష్యాలు పెట్టుకున్నాను. న్యూజెర్సీలో మా వీధిలోనే ఉండిన ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయుడు ఇల్లు ఖాళీ చేస్తూ నాకు అప్పగించిన జాజ్ రికార్డులను శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచడం మొదటిది. వాటన్నిటినీ విడుదలైన సంవత్సరం ప్రకారం కాకుండా, స్టూడియోలోనో వేదిక మీదనో వాయించిన తేదీ ప్రకారం ఒకే పట్టికలోకి తేవడం రెండవది. పెట్టెల్లో లక్కతో చేసిన పాత గ్రామఫోను ప్లేట్లు కొన్ని, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పది అంగుళాల ఎల్పీలు కొన్ని ఉన్నాయి. మిగిలినవన్నీ పన్నెండు అంగుళాల ఎల్పీలు. కాలం చూస్తే 1945 నుంచి 1967 వరకు, అంటే బీబాప్ (వేగంగా, చిక్కగా సాగే జాజ్ శైలి; పొట్టిగా బాప్) మొదటిసారి రికార్డులకెక్కిన రోజుల నుంచి, పాత కట్టుబాట్లను వదిలేసి అవాంట్‌గార్డ్ అనీ ఫ్రీ జాజ్ అనీ పేరుపడిన సంగీతం పూర్తిగా వేళ్లూనుకున్న దాకా.

తేదీల పట్టుదలకు కారణం ఉంది. జాజ్‌లో విడుదల సంవత్సరాన్ని నమ్ముకుంటే ముందు వెనుకలు తారుమారవుతాయి. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్, ట్రంపెట్ వాయించే డాన్ చెర్రీ కలిసి 1960 జూన్, జులై నెలల్లో వాయించిన ‘ది అవాంట్‌గార్డ్’ 1966లో గాని బయటికి రాలేదు. కోల్ట్రేన్, డ్రమ్మర్ రషీద్ అలీ ఇద్దరే 1967 ఫిబ్రవరి 22న వాయించిన ‘ఇంటర్‌స్టెల్లార్ స్పేస్’, కోల్ట్రేన్ చనిపోయిన ఏడేళ్లకు, 1974లో వెలువడింది. దుకాణాల్లో బాప్ ఒక అరలో, ఫ్రీ జాజ్ దానికి దూరంగా మరో అరలో ఉంటాయి కాబట్టి, ఈ రెండింటినీ రెండు వేర్వేరు జాతుల మనుషులు వాయించారేమో అనిపిస్తుంది. తేదీలూ పేర్లూ ఒకే పట్టికలోకి వస్తే ఆ గోడ ఎంతవరకు నిలుస్తుందో చూడాలన్నది నా అసలు ఆసక్తి.

పట్టికలో ఒక్కో వరుసకు తేదీ, స్టూడియో, ఇంజనీరు, వాద్యాల వారీగా కళాకారులు, టేకు (అదే పాటను ఎన్నోసారి వాయించినది), గాడులు ముగిసిన తరువాత లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి వలయంలో గీసి ఉన్న గుర్తులు అనే గళ్లు పెట్టాను. చివరి గడి అనవసరమనిపించవచ్చు గాని, అట్ట మీద లేని సమాచారం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఫిబ్రవరి

గ్రామఫోను ప్లేట్లతో మొదలుపెట్టాను. ఎల్పీలను కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి వాడవచ్చు గాని, ఆ ద్రవం లక్క ప్లేటు మీద పడకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అందుచేత వీటికి డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల సబ్బునీరు, మెత్తటి బ్రష్షు, వెంటనే పొడిబట్ట మాత్రమే. సూది కూడా వేరు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు గాడి వెడల్పు కాబట్టి దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న సూది కావాలి. పాత మోనో ఎల్పీకి 25 మైక్రాన్లు సరిపోతాయి. సన్నటి సూదిని వెడల్పు గాడిలో పెడితే అది అడుగుకు దిగిపోయి, అక్కడ పేరుకున్న మట్టినే వినిపిస్తుంది.

రికార్డు చేసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి గాడి కోసేవారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. ఈ హెచ్చుతగ్గుల కొలత 1954 ప్రాంతంలో గాని అన్ని కంపెనీలకూ ఒకటి కాలేదు. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందువల్ల పాతవాటిని ఏ దిద్దుబాటూ లేకుండా 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లలో ముందు ఎక్కించి, ఆ తరువాత ఆడాసిటీ అనే శబ్దాలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోదానికి తగిన దిద్దుబాటు ఇస్తున్నాను. దిద్దని మూలఫైలును వేరే ఫోల్డరులో అలాగే ఉంచుతున్నాను.

మొదటి వరుసలో పడినది ‘కోకో’. 1945 నవంబరు 26న న్యూయార్క్‌లోని డబ్ల్యూఓఆర్ స్టూడియోలో సావాయ్ కంపెనీ కోసం ఆల్టో శాక్సఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ బృందం వాయించినది. ఆ రోజు బృందంలో పందొమ్మిదేళ్ల ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ఉన్నా ఈ పాటలో ట్రంపెట్ డిజీ గిలెస్పీది. డ్రమ్స్ మాక్స్ రోచ్‌వి. పాటకు ఆధారం రే నోబుల్ స్వరపరచిన ‘చెరొకీ’ తాలూకు కార్డుల వరుస, అంటే ఒకేసారి కలిపి మోగే స్వరాల గుంపులు వచ్చే క్రమం. పెట్టెలో ఉన్న తరువాతి కాలపు ఎల్పీ ఒకదానిలో మొదటి టేకు కూడా ఉంది. ఆ టేకులో ఉపోద్ఘాతం ముగియగానే వీళ్లు ‘చెరొకీ’ బాణీనే ఎత్తుకోవడం, వెంటనే పాట ఆగిపోవడం స్పష్టంగా వినబడతాయి. బాణీకి రాయల్టీ కట్టాలి, కార్డుల వరుసకు ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. రెండవ ప్రయత్నంలో బాణీ మాయమై, ఉపోద్ఘాతం నుంచి పార్కర్ నేరుగా తన కల్పనలోకి దూకుతాడు. 64 బార్ల (తాళపు ఖండాల) చక్రాన్ని రెండుసార్లు చుట్టి వస్తాడు. ఊపిరి తీసుకున్న చోటు కూడా వాక్యంలో భాగంలాగే ఉంటుంది. పది అంగుళాల ప్లేటులో సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి, ఇదంతా ఆ మూడు నిమిషాల్లోనే.

దీనికి ముందు సంగతి పట్టికలో దాదాపు ఖాళీ. 1942 ఆగస్టులో అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులను బహిష్కరించింది. కొలంబియా, విక్టర్ వంటి పెద్ద కంపెనీలు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్బు వంటి చోట్ల రాత్రుళ్లు బాప్ రూపుదిద్దుకుంటున్నప్పుడు స్టూడియోలు మూతపడ్డట్టే ఉన్నాయి. అందుకే 1945 నాటి ఈ ప్లేట్లు వింటే సంగీతం ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

శబ్దాలు తీసివేసే పనిలో ఒక నియమం స్థిరపడింది: టిక్కు టిక్కుమనే చప్పుళ్లను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా చేత్తోనే తీయాలి. ఆటోమేటిక్‌గా వదిలితే గీతల చప్పుళ్లతో పాటు రోచ్ కర్రదెబ్బల అంచులను కూడా అది మింగేస్తుంది. రెండింటినీ వేరు చేయడానికి ఒక ఉపాయం ఉంది. అడ్డంగా పడిన గీత అయితే ప్లేటు ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ, అంటే 78 వేగంలో సుమారు 0.77 సెకన్లకు, 33⅓ వేగంలో 1.8 సెకన్లకు కచ్చితంగా మళ్లీ వస్తుంది. తరంగాన్ని బాగా పెద్దది చేసి చూస్తే గీత తాలూకు చప్పుడు గోడలా నిటారుగా లేచి అక్కడే పడిపోతుంది, డ్రమ్ము దెబ్బకు మాత్రం వెనుక ఒక తోక ఉంటుంది. రోచ్ ఏ రెండు దెబ్బల మధ్యా యంత్రంలా సమానమైన దూరం పాటించడు కాబట్టి నాకు అనుమానం వచ్చిన చోట్లు తక్కువ.

మార్చి

1950ల మొదటి సగం త్వరగా ముగిసింది. పియానిస్టు బడ్ పవెల్ 1951 మే 1న బ్లూ నోట్ కోసం వాయించిన ‘అన్ పోకో లోకో’ మూడు టేకులూ ఒకే ఎల్పీలో ఉండడం వల్ల, మూడు వరుసలు వేసి పక్కపక్కన విన్నాను. పియానో బాణీ అదే, మనుషులూ వాళ్లే. రోచ్ కౌబెల్‌తో (ఆవు మెడగంట లాంటి వాద్యంతో) వేసే నడక ఒక్కటే టేకు టేకుకూ గట్టిపడుతూ వచ్చి, పాట ముఖమే మారిపోతుంది. పాట పుట్టే క్రమాన్ని ఇంత దగ్గరగా చూపించే రికార్డు ఈ పెట్టెలో ఇంకొకటి లేదు.

1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో పార్కర్, గిలెస్పీ, పవెల్, మింగస్, రోచ్ కలిసి చేసిన కచేరీకి మాత్రం ఒక వరుస సరిపోలేదు. వేదిక మీద బేస్ సరిగ్గా నమోదు కాకపోవడంతో, చార్లెస్ మింగస్ తరువాత స్టూడియోలో తన భాగాన్ని మళ్లీ వాయించి కలిపాడు. కాబట్టి ఒకే పాటకు రెండు తేదీలు. పార్కర్‌కు వేరే కంపెనీతో ఒప్పందం ఉన్నందున అట్ట మీద అతని పేరు ‘చార్లీ చాన్’ అని అచ్చయింది; పట్టికలో రెండు పేర్లూ వేశాను. ఆ రాత్రి అతని చేతిలో ఉన్నది ఇంగ్లండులో తయారైన తెల్లటి గ్రాఫ్టన్ ప్లాస్టిక్ ఆల్టో శాక్సఫోన్. ఇప్పుడది కాన్సస్ సిటీలోని జాజ్ మ్యూజియంలో ఉంది. వాద్యం వివరాలకు కూడా ఒక గడి కలపాలని ఈ వరుస దగ్గరే అనిపించింది, ఆ గడి ఆరేళ్ల తరువాతి వరుసలో అక్కరకు వచ్చింది.

1959 మే నెల దగ్గర పట్టిక ఒక్కసారిగా చిక్కబడింది. మే 4, 5 తేదీల్లో న్యూయార్క్‌లో కోల్ట్రేన్ ‘జెయంట్ స్టెప్స్’ ఎల్పీలో చాలా భాగం వాయించాడు. మే 22న లాస్ ఏంజెలెస్‌లో ఓర్నెట్ కోల్‌మన్ ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ వాయించాడు. రెండూ అట్లాంటిక్ కంపెనీవే. మొదటి దాని శీర్షిక పాటలో కార్డులు మూడు శ్రుతి కేంద్రాల మధ్య ఎంత వేగంగా మారతాయంటే, టామీ ఫ్లానగన్ వంటి దిట్టమైన పియానిస్టు తన సోలోలో ఆగి ఆగి అడుగు వేయవలసి వచ్చింది. రెండవ దానిలో పియానోయే లేదు. కార్డుల వరుసకు కట్టుబడే నియమం కూడా లేదు. బాప్ ఇచ్చిన ఒకే చిక్కుముడిని ఒకరు ఇంకా బిగించి తేల్చుకోవాలని చూస్తే, మరొకరు దాన్ని వదిలేసి ముందుకు నడిచారు. మూడు వారాల లోపే, ఒకే కంపెనీ జీతంలో!

కోల్‌మన్ చేతిలో ఉన్నదీ గ్రాఫ్టన్ ప్లాస్టిక్ ఆల్టోయే. లోహపు వాద్యం కొనే స్తోమత లేని రోజుల్లో కొన్నాడు. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, బ్లూస్ బృందాల్లో వాయించి, పార్కర్ పాటలు నేర్చి ఎదిగినవాడు. ‘లోన్లీ వుమన్’ ఫైలు శుభ్రం చేస్తూ చాలాసేపు ఒక్క చోటే ఉండిపోయాను: డ్రమ్మర్ బిల్లీ హిగిన్స్ సింబల్ (కంచు పళ్లెం) మీద పరుగు తీస్తూ ఉంటాడు, చార్లీ హేడెన్ బేస్ నిలకడగా తన దారిన తాను సాగుతుంది, ఈ రెంటి మీదుగా ఆల్టో, చెర్రీ కార్నెట్ విలంబ కాలంలో ఏడుపు లాంటి బాణీని లాగుతాయి. తాళం ఒకటే గాని అందరూ దానికి ఒకే దూరంలో లేరు. ఈ హిగిన్సే 1963 డిసెంబరు 21న ట్రంపెట్ కళాకారుడు లీ మోర్గన్ ‘ది సైడ్‌వైండర్’లో జనం కాళ్లు ఆడించే నడక వేశాడు. అతని పేరు పట్టికలో రెండు అరల్లోనూ ఉంటుంది.

1959 నాటిదే అయిన మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ బాప్ కాదు, అవాంట్‌గార్డూ కాదు. అయినా పెట్టెలో ఉంది కాబట్టి ఎక్కించాను. పాత ముద్రణ కావడంతో మొదటి వైపు శ్రుతి కాస్త ఎక్కువగా ఉంది. మార్చి 2 నాటి సెషన్‌లో మాస్టర్ టేపు యంత్రం నెమ్మదిగా తిరిగింది; అందువల్ల సరైన వేగంతో వినిపించినప్పుడు పాటలు శ్రుతి పెరిగి వినబడేవి. 1992లో గాని కంపెనీ దీన్ని సరిదిద్దలేదు. రెండవ వైపు ఏప్రిల్ 22 నాటిది, దానికి ఈ దోషం లేదు. రెండవ వైపు పియానోను ఆధారంగా తీసుకుని మొదటి వైపు వేగం తగ్గించి ఒక ప్రతి, ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా విన్న శ్రుతిలోనే మరొక ప్రతి ఉంచాను.

ఏప్రిల్

ఈ నెలంతా ఒక్క తేదీ చుట్టూ తిరిగింది: 1960 డిసెంబరు 21.

ఆ రోజు న్యూయార్క్‌లో కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ వాయించాడు. ఎనిమిది మందిని రెండు చతుష్టయాలుగా విడదీసి, స్టీరియోలో ఒకదాన్ని ఎడమ వైపు, ఇంకొకదాన్ని కుడి వైపు ఉంచారు. ఎడమ వైపు కోల్‌మన్, చెర్రీ, బేస్ మీద స్కాట్ లాఫారో, డ్రమ్స్ మీద హిగిన్స్. కుడి వైపు బేస్ క్లారినెట్‌తో ఎరిక్ డాల్ఫీ, ట్రంపెట్‌తో ఫ్రెడీ హబ్బర్డ్, బేస్ మీద హేడెన్, డ్రమ్స్ మీద ఎడ్ బ్లాక్‌వెల్. ఆగకుండా సుమారు 37 నిమిషాలు సాగిన ఒకే వాదనాన్ని ఎల్పీ కోసం రెండు వైపులకు పంచారు. ఆ రెండు ముక్కలను మళ్లీ కలపడమే ఇక్కడ చేతిపని. మొదటి వైపు చివరా రెండవ వైపు మొదటా ఉన్న వేగాన్ని సరిచూసి, రెండు వైపుల ఉపరితలపు హోరు ఒకే మట్టానికి తెచ్చి, సింబల్ దెబ్బ మీద అతుకు వేశాను. ఇప్పుడు ఆ చోట నాకు కూడా అతుకు వినబడడం లేదు.

కలిపిన తరువాత ఛానెళ్లను విడదీసి రెండు ఫైళ్లు చేశాను. కుడి వైపును మాత్రమే వింటే కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. హబ్బర్డ్ తన వంతు వచ్చినప్పుడు వాయించే వాక్యాలు చాలావరకు చక్కటి హార్డ్ బాప్ (బ్లూస్ పాలు ఎక్కువైన బాప్) వాక్యాలే: ఎత్తుగడ, మధ్యలో మెలిక, ముక్తాయింపు అన్నీ ఉన్న నిండు వాక్యాలు. చుట్టూ ఉన్న వాద్యాల గోల వల్లనే అవి వింతగా తోస్తాయి. మరుసటి ఏడు అతను డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ నడిపిన హార్డ్ బాప్ బృందం జాజ్ మెసెంజర్స్‌లో చేరాడు. 1964లో డాల్ఫీ ‘ఔట్ టు లంచ్’లో ఉన్నాడు, 1965 జూన్ 28న కోల్ట్రేన్ ‘అసెన్షన్’లోనూ ఉన్నాడు. ఈ నాలుగు వరుసలను ఒకదాని కింద ఒకటి పెట్టినప్పుడు, అతన్ని ఏ అరలో పెట్టాలన్న ప్రశ్న నవ్వు తెప్పిస్తుంది.

ఇక అదే డిసెంబరు 21న, హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, ఇదే డాల్ఫీ తన సొంత ఎల్పీ ‘ఫార్ క్రై’ వాయించాడు. ట్రంపెట్ బుకర్ లిటిల్, పియానో జాకీ బయార్డ్, బేస్ రాన్ కార్టర్, డ్రమ్స్ రాయ్ హేన్స్. హేన్స్ 1949 నుంచి కొన్నేళ్లు పార్కర్ బృందంలోనే డ్రమ్స్ వాయించినవాడు. బయార్డ్ స్వరపరచిన రెండు పాటలు ఈ ఎల్పీలో ఉన్నాయి: ఒకటి పార్కర్ తల్లికి, మరొకటి పార్కర్‌కే అర్పించినవి. అంటే ఫ్రీ జాజ్ అన్న పేరునే లోకానికి ఇచ్చిన రికార్డులో వాయించిన మనిషి, క్యాలెండరులో తేదీ మారకముందే పార్కర్‌కు నివాళి కూడా వాయించాడు. విడుదల ప్రకారం పేరిస్తే ఈ రెండూ రెండు వేర్వేరు సంవత్సరాల్లో పడతాయి, ఎవరి కంటా పడవు. నా పట్టికలో ఒకదాని కింద ఒకటి కూర్చున్నాయి.

‘ఫార్ క్రై’లో డాల్ఫీ తోడు లేకుండా ఆల్టో ఒక్కటే వాయించిన ‘టెండర్లీ’ని శుభ్రం చేయడమే అన్నిటికన్నా కష్టమైంది. ఏ తోడూ లేనప్పుడు ఉపరితలపు చప్పుడు దాచుకోవడానికి చోటు ఉండదు. పార్కర్ వేగమూ పార్కర్ బ్లూస్ వాసనా అందులో ఉన్నాయి. స్వరాల మధ్య దూరాలు మాత్రం రెండింతలు, మూడింతలు. మెట్లు ఎక్కవలసిన చోట డాబా మీది నుంచి వీధిలోకి, వీధిలోంచి డాబా మీదికి గెంతినట్టు. వాన్ గెల్డర్ స్టూడియో కప్పు 39 అడుగుల ఎత్తు, అంతా కలపే. ఆ గెంతులు ఆ గదిలో ఎక్కడ తగిలి వెనక్కి వస్తాయో హెడ్‌ఫోన్లలో వినబడుతుంది. వాన్ గెల్డర్ 1959 వరకు పగలు కళ్లద్దాల డాక్టరుగా పనిచేస్తూ, హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసేవాడు. గాడుల చివరి వలయంలో ఆయన పేరు పొడి అక్షరాలు ఉన్నాయంటే గాడి కోసింది ఆయనే అని గుర్తు. ఆ అక్షరాల కోసమే బ్లూ నోట్ ఎల్పీలన్నిటినీ దీపం కింద తిప్పి తిప్పి చూశాను.

ఈ తేదీ తరువాత వరుసలు నింపడం కొంత బరువుగా సాగింది. లాఫారో 1961 జులైలో కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్లు. బుకర్ లిటిల్ అదే అక్టోబరులో, 23 ఏళ్లు. డాల్ఫీ 1964 జూన్ 29న బెర్లిన్‌లో మధుమేహం ముదిరి పోయాడు, 36 ఏళ్లు.

మే

‘అసెన్షన్’ విషయంలో చివరి వలయపు గడి ఉపయోగపడింది. ఆ రోజు పదకొండు మంది రెండు పూర్తి టేకులు వాయించారు. మొదట ఒక టేకు విడుదలై, కొంతకాలానికి అట్ట, నంబరు మార్చకుండానే దాని స్థానంలో ఇంకో టేకు వచ్చింది. మారిన ప్రతుల్లో ‘ఎడిషన్ II’ అని గాడుల చివర గీసి ఉంటుంది. నా దగ్గర ఉన్న ప్రతిలో ఆ గీత లేదు, కాబట్టి మొదట విడుదలైన టేకు. ఎడిషన్ II వరుసను పట్టికలో ఉంచాను గాని ఫైలు గడి ఖాళీగా ఉంది.

శాక్సఫోన్ కళాకారుడు ఆల్బర్ట్ ఐలర్ ‘స్పిరిచువల్ యూనిటీ’ 1964 జులై 10 నాటిది. డాల్ఫీ పోయి పదకొండు రోజులే అయింది. ఐలర్‌ను వినీ వినగానే బాప్‌తో సంబంధం లేనివాడనుకుంటారు. నిజానికి క్లీవ్‌లండ్‌లో కుర్రతనంలో ఆల్టో మీద పార్కర్ పాటలు వాయించి, పార్కర్ ముద్దుపేరు ‘బర్డ్’ మీదుగా ‘లిటిల్ బర్డ్’ అనిపించుకున్నవాడు. ఇందులో డ్రమ్మర్ సనీ మరే సింబళ్ల హోరు రికార్డు ఉపరితలపు హోరుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, హోరు తగ్గించే సాఫ్ట్‌వేర్ దీన్ని తాకకూడదు. తాకిస్తే డ్రమ్స్ మీద దుప్పటి కప్పినట్టవుతుంది. ఫైలును విజయవాడలో మృదంగం వాయించే మా బావమరిదికి పంపాను. “బావా, కొట్టడం ఒక్క క్షణం ఆపలేదు, ఆవర్తనం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆ బేస్ ఆయనను పట్టుకుని వింటే కాస్త నిలబడగలిగాను” అని జవాబిచ్చాడు. బేస్ గారీ పీకాక్. సరైన చోటే పట్టుకున్నాడనిపించింది.

రెండు సంగీతాలకూ తేడా లేదని నేను అనబోవడం లేదు. కార్డుల వరుస పోయింది, లెక్కపెట్టగల తాళం పోయింది, పాట నిడివికి హద్దు పోయింది. ఇవి చిన్న మార్పులు కావు. అయితే పట్టికను కళాకారుల పేర్ల ప్రకారం తిప్పి చూస్తే, 1960 తరువాతి వరుసల్లో పార్కర్ బాణీల మీద చేయి తిరగకుండా వచ్చినవాళ్లు అరుదు. కొత్తదాన్ని ఎదిరించి కూర్చున్నవాళ్లూ ఉన్నారు, నిజమే. వాళ్లవి వేరే పెట్టెలు.

జూన్

మిగిలిన పెద్ద పని పియానిస్టు సెసిల్ టేలర్ రికార్డులు. ‘యూనిట్ స్ట్రక్చర్స్’ 1966 మే 19, ‘కాంక్విస్టడోర్’ అదే అక్టోబరు 6. రెండూ వాన్ గెల్డర్ స్టూడియోలోనివే. మొదటి దానిలో ఏడుగురు, అందులో బేస్ వాయించేవాళ్లే ఇద్దరు, హెన్రీ గ్రైమ్స్, అలన్ సిల్వా. ఆల్టో మీద జిమ్మీ లయన్స్ వాక్యాల్లో పార్కర్ ఎక్కడెక్కడ ఉన్నాడో సెకన్ల వారీగా గుర్తించి వ్యాఖ్యల గడిలో రాయాలని ఉంది. ఎల్పీ కొద్దిగా వంకర తిరిగి ఉండడం వల్ల సూది మొదటి నిమిషంలో ఎగిరిపడుతోంది. ప్రస్తుతం దాన్ని రెండు దళసరి గాజు పలకల మధ్య బరువు పెట్టి ఉంచాను. వేడి చూపించే పద్ధతులు గాడులను పాడుచేస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. వంపు తగ్గేలోగా అప్పటికే పూర్తయిన ఫైళ్లను నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ రూపంలోకి మార్చి, తేదీ ముందుండేలా పేర్లు పెట్టి, రెండవ హార్డ్ డిస్కులోకి నకలు తీస్తున్నాను.